‘వెనకటికెవడో’ వద్దు, ‘నిన్న నేను’ అనండి చూద్దాం

గురివింద (చర్చ మొదలుపెట్టినవారు)

ఒక చిన్న ఆట. జీవితం గురించి, మనుషుల తీరు గురించి చమత్కారంగా నాలుగు మాటలు చెప్పమంటే మనలో ఎవరూ వెనకాడరు. కానీ ఆ మాటల్లో దెబ్బ తినేది ఎప్పుడూ పక్కవాడే. ‘ఆడలేక మద్దెల ఓడన్నట్టు’ అని నా గురించి నేను ఏనాడూ అనుకోలేదు. ‘గురివింద తన కింద నలుపెరగదట’ అని అద్దం ముందు నిలబడి అన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

మన సామెతల చివర ఒక ‘ట’ ఉంటుంది, గమనించారా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. మొదట్లో ‘వెనకటికెవడో’ అని ఇంకోటి. ఎప్పుడో, ఎవడో, అన్నాడట! మూడు తాళాలు వేసుకుని మనం మాత్రం బయట క్షేమంగా నిలబడ్డాం.

నియమం ఒక్కటే. ‘వెనకటికెవడో’ బదులు ‘నిన్న నేను’ అనాలి. రాసిన మాట ముందు మీకే చురుక్కుమనాలి. సొంత మాటయితే మేలు, పాత సామెతయినా మీ మీదే ప్రయోగించుకోవాలి. ఫార్వర్డులు వద్దు. సూర్యోదయం ఫోటో మీద రాసినవి అసలే వద్దు.

తీరికలేనివాడు

నిన్న నేను ఒకాయనకు ‘అస్సలు టైం లేదండీ’ అని వివరంగా చెప్పాను. అరగంట పట్టింది.

మద్దెల

నా పేరు చూశారుగా, ముందే లొంగిపోయాను. నా మాట: నా బద్ధకానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు ‘పర్ఫెక్షన్’. ఇంకా బాగా చేద్దామని ఆగిన పనులు ఇంట్లో ఓ గదినిండా ఉన్నాయి.

అన్నట్టు మద్దెల తరఫున ఒక విన్నపం. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది. కానీ సామెత పడ్డాక దాన్ని ఎవరూ తట్టి చూడరు. తీర్పు వచ్చాక విచారణ ఏముంటుంది?

సగం చదివినవాడు

ఐన్‌స్టీన్ అన్న మాట ఒకటి నాకు గట్టిగా తగిలింది. చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తూ వేరే ఫలితం వస్తుందనుకోవడమే పిచ్చి. ప్రతి జనవరి 1న నేను డైరీ కొంటాను. ఫిబ్రవరి నుంచి అన్నీ తెల్ల కాగితాలే.

పాత కాగితం

డైరీ సంగతి బాగుంది గానీ ఐన్‌స్టీన్‌ని వదిలేయండి. ఆయన పోయింది 1955లో. ఈ వాక్యం అచ్చులో కనబడేది 1980ల మొదట్లో, వ్యసనాల నుంచి బయటపడాలనుకునేవాళ్ళ బృందాల కరపత్రాల్లో. అలాంటి చోట మనిషి ఆ మాట తన గురించే అనుకుంటాడు. గురివింద గారి నియమానికి అచ్చంగా సరిపోయే మాట. పైన మేధావి ఫోటో తగిలించాక అది ఎదుటివాడి మీద విసరడానికి పనికొచ్చే వస్తువైంది.

రెండోవైపూ ఇదే కథ. ‘రొట్టె లేకపోతే కేకులు తినమనండి’ అన్నది ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ అని చెప్పుకుంటాం. తత్వవేత్త రూసో ఆ కథ రాసే నాటికి ఆవిడ ఇంకా చిన్నపిల్ల, ఫ్రాన్స్‌లో అడుగే పెట్టలేదు. ఆయన రాసింది పేరు చెప్పని ఒక రాకుమారి గురించి. మంచి మాటకు ఐన్‌స్టీన్, చెడ్డ మాటకు రాణి. మాట అనాథగా తిరుగుతుంటే మనకు నిద్రపట్టదు.

సగం చదివినవాడు

నా పేరు మార్చుకోవాల్సిన పని లేదన్నమాట.

మద్దెల

ఆ లెక్కన ‘వెనకటికెవడో’ అన్న మనవాళ్ళే నయం. తెలియనిదాన్ని తెలియదన్నారు.

గురివింద

నేనేమో దాన్నే తప్పుపడుతూ చర్చ మొదలుపెట్టాను. కానివ్వండి.

దూరపు కొండ

ఎదుటివాడిది పొగరు, నాది ఆత్మగౌరవం. డాక్టరు మాత్రం ఇద్దరికీ ఒకే బీపీ మాత్ర రాశాడు.

వ్యాకరణం మాస్టారు

దూరపు కొండ గారూ, మీకు తెలియకుండానే మీరు వ్యాకరణం మాట్లాడారు. బడిలో చదువుకున్నది గుర్తు చేసుకోండి. ‘వాడు’ ప్రథమ పురుష, ‘నువ్వు’ మధ్యమ పురుష, ‘నేను’ ఏమిటి? ఉత్తమ పురుష! ఎవరు పెట్టారో గానీ మనిషి గుట్టంతా ఆ పేరులోనే ఉంది.

బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1948లో బీబీసీ రేడియోలో సరదాగా ఒక వరస చెప్పాడు. నేను దృఢచిత్తుణ్ణి, నువ్వు మొండివాడివి, వాడు పరమ మూర్ఖుడు. మూడూ ఒకే గుణం, పురుష మారేకొద్దీ రంగు మారుతుంది. పాపం ఆయన భాషలో దానికి ‘ఉత్తమ’ అన్న పేరు లేదు. ఆ వరస ఇంకాస్త పెంచండి.

తీరికలేనివాడు

నేను పొదుపరిని, నువ్వు లెక్కల మనిషివి, వాడు పిసినారి.

దూరపు కొండ

నేను యోగక్షేమాలు కనుక్కున్నాను, నువ్వు ఆరా తీశావు, ఆవిడ కూపీ లాగింది.

సగం చదివినవాడు

నేను ఆలోచిస్తున్నాను, నువ్వు నానుస్తున్నావు, వాడు నిద్రపోయాడు.

మద్దెల

నేను అభిప్రాయం మార్చుకున్నాను, నువ్వు మాట మార్చావు, వాడు మాట తప్పాడు.

వ్యాకరణం మాస్టారు

అందరికీ నూటికి నూరు. ఇప్పుడు హోంవర్కు. తలకిందులు చేసి చెప్పండి. వాడు జాగ్రత్తపరుడు, నువ్వు కాస్త భయస్తుడివి, నేను పిరికివాణ్ణి. పైకి, గట్టిగా, ఒక్కసారి. నేను ఇప్పుడే ప్రయత్నించాను. ‘నేను’ దగ్గర దగ్గు వచ్చింది.

గడియారం

అందరూ నవ్వుతున్నారు గనక కాస్త నస పెడతాను. అసలు ఈ నీతి వాక్యాల మీదే నాకు నమ్మకం పోయింది.

పోయినేడాది ఉద్యోగం మారాలా వద్దా అని మూడు నెలలు టెన్షన్ పడ్డాను. మారాలనిపించిన రోజు ‘ఆలస్యం అమృతం విషం’ అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు భయం వేసింది, ‘నిదానమే ప్రధానం’ అనుకున్నాను. రెండూ పెద్దల మాటలే. రెండూ విన్న రోజు ఎంతో తెలివైన నిర్ణయం తీసుకున్నట్టే అనిపించింది. అప్పుడు అనుమానం వచ్చి మిగతావీ తిరగేశాను. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అంటాం, ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అనీ అంటాం. రెండోది నిజమైతే ఇంట గెలవడం ఎలాగండీ?

అన్నిటికన్నా ఘోరం పాము. చలిచీమలు కలిసికట్టుగా పట్టుబడితే ఎంత బలమైన పామయినా చావాల్సిందేనని చిన్నప్పుడు పద్యం అప్పజెప్పాం. పెద్దయ్యాక ‘పదిమంది చేరితే పాము చావదు’ అని సామెత విన్నాం. ఒకే పాము. చీమల చేతిలో చస్తుంది, మనుషుల చేతిలో చావదు.

దూరపు కొండ

చీమలు మీటింగు పెట్టుకోవు కదండీ.

పాత కాగితం

దూరపు కొండ గారి జవాబుకు తిరుగులేదు. నేను మాత్రం పాత కాగితాన్నే తెస్తాను. గడియారం గారి ఫిర్యాదు 1946లో హెర్బర్ట్ సైమన్ అనే ఆయన చేశాడు (1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఈయనకే వచ్చింది). పరిపాలన గురించి పండితులు చెప్పే సూత్రాలన్నీ సామెతల్లాంటివేనన్నాడు. జంటలు జంటలుగా ఉంటాయి, ఒకటి ఎడమకు పొమ్మంటే రెండోది కుడికి పొమ్మంటుంది, ఎప్పుడు ఏది వాడాలో ఏదీ చెప్పదు. చేసేసిన పనిని సమర్థించుకోవాలంటే మాత్రం ఇంతకన్నా సౌకర్యం లేదు.

మద్దెల

ఇక్కడ నేను సామెతల పక్షం. విరేచనం కావడానికి మందుంది, విరేచనాలు కట్టడానికీ మందుంది. ఒకదానికొకటి పడవు గనక వైద్యమే అబద్ధమంటామా? రోగి ఎవరో చూడాలి. తొందరపాటు మనిషికి ‘నిదానం’, సోమరికి ‘ఆలస్యం విషం’. సామెత తప్పు కాదు, చీటీ మారింది.

గడియారం

ఒప్పుకుంటాను. కానీ నా కేసులో రోగి, డాక్టరు, మందుల షాపువాడు ముగ్గురూ నేనే. చీటీ మారక ఏమవుతుంది!

తీరికలేనివాడు

ఉద్యోగం మారారా ఇంతకీ?

గడియారం

నేను ఇంకా తేల్చుకోకముందే ఆ ఖాళీ భర్తీ అయిపోయింది. ‘అంతా మన మంచికే’ అనుకున్నాను. మూడో మందు.

వ్యాకరణం మాస్టారు

సామెత నోట్లో అంత తేలిగ్గా పడటానికి సగం కారణం ప్రాస. ‘ఎవరికి వారే యమునా తీరే’. యమున అక్కడికి ఎందుకొచ్చింది? ‘వారే’కి ‘తీరే’ కావాలి గనక. 2000లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. పెద్దగా తెలియని ప్రాస సూక్తులు కొన్ని తీసుకుని, అర్థం చెడకుండా ప్రాస తీసేసిన రూపాలతో పోల్చారు. చదివినవాళ్ళకు ప్రాస ఉన్నవే ఎక్కువ నిజమనిపించాయి. అర్థం అదే, చెవికి ఇంపుగా ఉండేసరికి బుద్ధి గేటు తీసేసింది.

కావాలంటే ఇంట్లోనే చేసి చూడండి. ‘కలిసి ఉంటే కలదు సుఖం’ అంటే తల ఊపుతాం. ‘ఉమ్మడిగా నివసించుట ఆనందదాయకం’ అంటే ఎవరు పంపారీ నోటీసు అంటాం.

కొత్తగా చేరాను

అందరికీ నమస్కారం. మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చాను. ఆ డైరీ నేనే, ఆ బద్ధకం నేనే, ఆ బీపీ మాత్ర కూడా నేనే. ఇవన్నీ నా గురించే రాశారా అని భయంగా ఉంది.

పాత కాగితం

స్వాగతం అమ్మా. భయపడకండి, ఇది చాలామందికి ఉన్నదే. 1948లో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ ‘ఇది నీ స్వభావం’ అని కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, ఎక్కువ భాగం ఓ జాతకాల పుస్తకంలోంచి ఏరినది.

కొత్తగా చేరాను

అంటే ఇక్కడి మాటల్లో కూడా సరుకు లేదనా?

పాత కాగితం

ఆ కాగితంలో పొగడ్తా ఉంది, ‘ఒక్కోసారి ఇలా, ఒక్కోసారి అలా’ అన్న సన్నాయి నొక్కులూ ఉన్నాయి. అది చదివి ఎవరూ సిగ్గుపడి ఉండరు. మీరు డైరీ దగ్గర సిగ్గుపడ్డారా లేదా?

కొత్తగా చేరాను

పడ్డాను. మూడు డైరీలు.

దూరపు కొండ

నాది ఇంకొకటి. నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందంటారు. చెప్పాను, అయింది. బరువు అవతలి మనిషి మోస్తోంది.

తీరికలేనివాడు

మొహమాటం అంటే: ‘కుదరదు’ అనడానికి ఒక్క నిమిషం సిగ్గుపడి, ‘సరే’ అన్నందుకు నెలంతా నన్ను నేను తిట్టుకోవడం. ఇప్పుడు కూడా ఎవరి పనో చేస్తూనే ఇది రాస్తున్నాను.

సగం చదివినవాడు

క్షమించేశాను అని నలుగురిలో చెప్పాను. ఏ సంవత్సరం, ఏ తారీఖున, అవతలివాడు ఏ చొక్కా వేసుకుని ఉండగా క్షమించానో కూడా చెప్పగలను.

రాత్రి పాళీ

నేను చదువుతానే తప్ప రాయను. గడియారం గారి ‘అంతా మన మంచికే’ దగ్గర ఆగిపోయాను, అందుకని రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మా ఆయన పోయారు. పరామర్శకు చాలామంది వచ్చారు. అందరూ మంచివాళ్ళే. వచ్చి కూర్చునేవారు. నేలవైపు చూసేవారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడేవారు. కాసేపటికి ఒక మాట దొరికేది. ‘మన చేతుల్లో ఏముందమ్మా’. ‘పుట్టినవాడు గిట్టక తప్పదు’. ‘కాలమే అన్నిటికీ మందు’. ఆ మాట అనగానే ముఖం తేటపడేది. లేచేవారు.

కొన్నాళ్ళకు నాకు లెక్క తెలిసిపోయింది. సామెత వచ్చిందంటే మనిషి వెళ్ళబోతున్నట్టు. ఆ మాటలు నాకు తలుపు గడియ తీసిన చప్పుడులా వినబడేవి. కోపం రాలేదు. ఓపిక లేని రోజున నేనే ముందు అనేసేదాన్ని, ‘మన చేతుల్లో ఏముంది లెండి’ అని. పాపం, ఎంత హాయిగా లేచేవారో.

ఇక నియమం ప్రకారం నాకు తగలాల్సింది. ఆరునెలల తర్వాత నా స్నేహితురాలి నాన్నగారు పోయారు. ఇదంతా తెలిసిన మనిషినే కదా, వెళ్ళాను. పది నిమిషాలు కూర్చున్నాను. పదకొండో నిమిషంలో నా నోటి నుంచే వచ్చింది, ‘కాలమే అన్నిటికీ మందు’. అని, లేచాను.

మద్దెల

దీని కింద ఏం రాసినా గడియ తీసినట్టే అవుతుంది. రాయను. కూర్చునే ఉన్నాను.

కొత్తగా చేరాను

నేనూ.

గడియారం

రాత్రి పాళీ గారూ, తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతాను. అంతమందిలో మీకు పనికొచ్చిన మాట ఎవరైనా అన్నారా?

రాత్రి పాళీ

ఒక్కడు. మా ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడు. వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘సార్ నాకు రెండు రోజుల సెలవు బాకీ ఉన్నారండీ’ అన్నాడు. అనేసి, ఎందుకన్నానా అని నాలుక కరుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి. సెలవులు ఇవ్వకుండా ఎగ్గొట్టడం ఆయనకు అలవాటే. ఆ మాటతో ఒక్క నిమిషం మనిషి ఇంట్లో తిరిగినట్టయింది.

వ్యాకరణం మాస్టారు

40 ఏళ్ళు పిల్లలకు నీతి పద్యాలు చెప్పాను. ఈ కుర్రాడి మాట ఏ విభాగంలో పెట్టాలో తెలియడం లేదు.

పాత కాగితం

చాలా పోస్టులయ్యాయి. అందరి కిందా నలుపు చూశాం. ఒక్కరిది మిగిలింది. గురివింద గారూ?

గురివింద

నేను సూత్రధారినండీ. సూత్రధారికి నాటకంలో వేషం ఉండదు.

దూరపు కొండ

నేను సూత్రధారిని, నువ్వు ప్రేక్షకుడివి, వాడు పారిపోయాడు.

గురివింద

సరే. ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు నా మాట రాసి పెట్టుకునే ఉన్నాను. తమాషాగా ఉండేది. రాత్రి పాళీ గారిది చదివాక అది పెట్టబుద్ధి కాలేదు. ఇది పెడుతున్నాను.

నేనూ మా తమ్ముడూ మాట్లాడుకుని మూడేళ్ళు. కారణం చెబితే మీరు నవ్వుతారు, అంత చిన్నది. తప్పు వాడిదే. ఆ సంగతి వాడికి తెలుసు. వాడికి తెలుసని నాకూ తెలుసు. మూడేళ్ళుగా ఇద్దరం ఈ తెలివితోనే బతుకుతున్నాం.

గడియారం గారు అన్నట్టు నాకూ సామెతలకు లోటు రాలేదు. చిన్నవాడు గనక వాడే రావాలి అనుకున్న రోజున ఒకటి, పెద్దవాణ్ణి గనక నేనే తగ్గాలి అనుకున్న రోజున ఇంకొకటి. ‘పోరు నష్టం, పొందు లాభం’ అని ఒకసారి ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. తర్వాత, వాడికీ ఆ సామెత తెలుసు కదా, వాడే చేయొచ్చు కదా అని పెట్టేశాను.

తీరికలేనివాడు

చేయండి గురివింద గారూ, ఇప్పుడే. ఆలస్యం అమృతం విషం.

గురివింద

నిదానమే ప్రధానం అంటారు కదండీ.

రాత్రి పాళీ

ఎవరంటారు?

గురివింద

వెనకటికెవడో.

రాత్రి పాళీ

గురివింద గారూ.

గురివింద

సరే అమ్మా. నేనే.